శనివారం సౌనా వంతు

కిందటివారం మనం మరీకను ట్రాము డిపో గేటు దగ్గర కోపంగా వదిలాం. ఈ వారానికీ ఆ కోపం చల్లారలేదు. కారణం తెలిసిందే. ఆమె భర్త ఇల్కాకు కుయోపియోలో ఒక బడివాళ్ళు చెక్కపని మాస్టారు ఉద్యోగం ఇస్తామన్నారు. హెల్సింకిలో అతన్ని బడి తెరిచే ఆగస్టులో పిలుస్తారు, బడి మూసేనాడు "మళ్ళీ చూద్దాం" అని పంపేస్తారు. ఎనిమిదేళ్ళుగా అదే వరస. కుయోపియో ఉద్యోగం రిటైరయ్యేదాకా ఉండేది. ఊరు చిన్నది, ఇళ్ళు చవక, గుమ్మం దాటితే సరస్సు. ఇక్కడ హెల్సింకిలో వల్లిల పేటలో వాళ్ళు ఉంటున్నది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో పదేళ్ళ సాయిమి, ఐదేళ్ళ ఆర్ని పడుకుంటారు. రెండో గదిలో పగలు సోఫాగా ఉండి రాత్రి మంచమయ్యే దానిమీద తల్లీ తండ్రీ పడుకుంటారు. పిల్లలున్నవాళ్ళు వెళ్ళడమే మేలని ఎవరైనా అంటారు. కానీ మరీక ట్రాము నడుపుతుంది. కుయోపియోలో ట్రాము లేదు.

బస్సులున్నాయి కదా అని ఇల్కా ఒకసారి అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. ఆమెకు తెలిసిన పని ఒక్కటే, ఇష్టమైన పనీ అదే. పెళ్ళికి ముందు ఎన్ని ఉద్యోగాలు పట్టి వదిలేసిందో ఆమె తల్లిని అడిగితే చెబుతుంది. ట్రాము బండిలో కూర్చున్నాకే మరీక ఒకచోట నిలిచింది.

ఆదివారం రాత్రికల్లా ఇద్దరూ కలిసి ఏదో ఒకటి తేల్చుకోవాలని, అంతవరకు ఆ బడికి ఏ జవాబూ చెప్పకూడదని ఆమె పట్టుబట్టింది. ఇల్కా ఒప్పుకున్నాడనే ఆమె అనుకుంది. అతను నిజంగా అన్నది మాత్రం, "చెప్పేయాల్సినంత తొందర నాకైతే కనబడటం లేదు" అని.

ఇల్కా కుయోపియో ఉన్న సావో ప్రాంతం మనిషి. సావోవాడు నోరు తెరిస్తే ఆ మాటకు బాధ్యత విన్నవాడిదేనన్న సామెత ఊరికే పుట్టలేదు. అక్కడ టీ తాగుతావా అని అడిగితే తాగుతాననీ అనరు, వద్దనీ అనరు. "పోసేస్తే పారబోయలేం కదా" అంటారు. పెళ్ళయిన కొత్తలో మరీకకు అది ముద్దొచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత ఏదైనా ముద్దొస్తుందా?

ఇది శనివారం. ఏప్రిల్ నెల. మంచుకు జారకుండా రోడ్ల మీద చలికాలమంతా చల్లిన కంకర ఇంకా ఊడవలేదు. మరీక మధ్యాహ్నం డ్యూటీ దిగి, బూట్లలో దూరిన రాళ్ళు గుచ్చుకుంటుంటే ఇల్లు చేరింది. మెట్ల దగ్గర రెండో అంతస్తు సిల్వి నిలబడి ఉంది. సిల్వికి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆమె చేతిలో రేకు డబ్బా, డబ్బాలోంచి యాలకుల బన్నుల వాసన. నీ కోసమే కాచుకుని ఉన్నాను అమ్మాయ్ అంటూ ఆ డబ్బా మరీక చేతుల్లో పెట్టింది. కళ్ళు తుడుచుకుంది కూడా.

"నా బతుకులో శనివారం వంతు వస్తుందనుకోలేదు" అంది సిల్వి. "మీరు వెళ్ళిపోతున్నారంటే దిగులుగానే ఉంది. అయినా నీకు అబద్ధం చెప్పను, రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు."

శనివారం వంతంటే మరీక వాళ్ళదే.

ఆ భవనంలో సొంత సౌనా ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. నేలమాళిగలో అందరికీ కలిపి ఒకటే ఆవిరిగది ఉంది. వారంలో ఒక్కో ఇంటికి ఒక్కో గంట. ఆ గంటను వంతు అంటారు. మంగళవారం రాత్రి తొమ్మిది గంటల వంతు ఎవరికైనా దొరుకుతుంది. శనివారం సాయంత్రం ఐదు గంటల వంతు దొరకాలంటే ఎవరో చనిపోవాలి, లేదా ఇల్లు అమ్ముకుని పోవాలి. మరీక వాళ్ళకు అది సాయిమి పుట్టిన ఏడాది దొరికింది. పిల్లలిద్దరూ ఆ బల్లల మీదే పాకారు, ఆ బొక్కెనలోనే కూర్చుని స్నానం చేశారు. హెల్సింకిలో మరీకకు తనదని చెప్పుకోవడానికి ట్రాము తర్వాత ఉన్నది ఆ గంట ఒక్కటే. అలాంటిదాన్ని ఎవరూ చేజేతులా వదులుకోరు, ఊరు వదులుతుంటే తప్ప.

ఎవరు చెప్పారని ఆమె సిల్విని అడిగింది. భవన సంఘం అధ్యక్షుడు రౌతియో చెప్పాడట. ఇల్కాయే వదిలేశాడట, మే నుంచి వంతు సిల్వి పేరు మీదకు మారిపోయిందట. సిల్వి బన్నులు వేడిగా ఉండగానే తినమని చెప్పి, రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మరీక తలుపు తీసేసరికి ఇల్కా వంటింట్లో ఉన్నాడు. కిందటి వేసవిలో కట్టి ఫ్రీజరులో దాచిన, సౌనాలో ఒంటిమీద తట్టుకునే బర్చి చెట్టు కొమ్మల కట్టను వేడినీళ్ళలో నానబెడుతున్నాడు. ఆర్ని అప్పుడే బట్టలు విప్పేసి తువ్వాలు కట్టుకుని తిరుగుతున్నాడు. సాయిమి సోఫా మీద కూర్చుని పిల్లిని దువ్వుతోంది. ఇల్లంతా తడి ఆకుల వాసన. ఐదు కావడానికి పది నిమిషాలుంది.

డబ్బా ఎక్కడిదని ఇల్కా అడిగాడు. సిల్వి ఇచ్చిందని చెప్పింది. ఎందుకిచ్చిందని అతను అడగలేదు. అదే ఆమెకు ఇంకా మండింది. తప్పు చేసినవాడు అడుగుతాడా అనుకుంది. అరవడానికి నోరు తెరిచింది. ఆర్ని ఆమె కోటు పట్టుకుని లాగాడు. మన గంట అయిపోతుందన్నాడు. నోరు మూసుకుని తువ్వాలు తీసుకుంది.

సౌనాలో పోట్లాడకూడదు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. గుళ్ళో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండాలి. మరీక అమ్మమ్మ సౌనాలోనే పుట్టింది. ఆమె పోయాక ఊరివాళ్ళు కడసారి స్నానం చేయించిందీ అక్కడే. ఎంత తగువైనా బయట వదిలేసి లోపలికి రావాలి. అందుకే మరీక పై బల్ల మీద ఒక మూల, ఇల్కా ఇంకో మూల, మధ్యలో పిల్లలు. నలుగురూ నోరెత్తకుండా చెమటలు పట్టించుకున్నారు. సాయిమి కొమ్మల కట్టతో తమ్ముడి వీపు మీద మెల్లగా కొట్టింది. వాడు నవ్వాడు. మామూలు శనివారంలాగే ఉంది. ఆ గది మామూలుగా ఉన్నకొద్దీ మరీక కోపం పెరిగింది.

వేడి చాలనిపించాక పిల్లలు బయటి గదిలో నిమ్మసోడా తాగడానికి వెళ్ళారు. తలుపు పడిందో లేదో ఆమె మొదలుపెట్టింది. అరవకూడదు కాబట్టి గుసగుసగా.

"వంతు వదిలేశావా?"

ఇల్కా గరిటెతో నీళ్ళు తీసి పొయ్యి మీద కాగుతున్న రాళ్ళ మీద పోశాడు. రాళ్ళు బుస్సుమన్నాయి. ఆవిరి మొహం మీదకి ఎగదన్నింది. ఇద్దరికీ కాసేపు ఊపిరి అందలేదు.

"వదిలేయడం అని ఎలా అంటాం" అన్నాడు.

"వదిలేశావా, లేదా?"

మళ్ళీ గరిటె, మళ్ళీ నీళ్ళు. ఆమె అతని చేతిలోంచి గరిటె లాక్కుంది. బొక్కెనను కాలితో తన వైపుకు లాగేసుకుంది. ఇక అతనికి దాక్కోవడానికి ఆవిరి లేదు. అప్పుడు కొంత బయటికొచ్చింది. నిజానికి అతని నోట్లోంచి ఆమె ముక్క ముక్కగా పీకాల్సి వచ్చింది. పది రోజుల కిందట లిఫ్టులో రౌతియో కలిశాడట. మీరు కుయోపియో వెళ్ళిపోతున్నారని విన్నాను, మరి వేసవి నుంచి శనివారం వంతు మీకు అక్కర్లేదేమో అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏముంది, మామూలుగా మాట్లాడాను."

"ఏ మాటలన్నావో అవే చెప్పు."

ఇల్కా మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "అక్కర్లేకపోనూ వచ్చు, ఉండనూ వచ్చు, ఒక మనిషి వంతు పట్టుకుని ఇంకో మనిషి దారికి అడ్డం పడటం బాగుండదు కదా, అన్నాను."

మరీక కళ్ళు మూసుకుంది. రౌతియో పడమటి తీరంలో తుర్కు వైపు మనిషి. అడిగినదానికి జవాబు వస్తుందని నమ్మే మనిషి. ఆ మాట విని పైకి వెళ్ళి, సిల్వి ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తోందని గుర్తొచ్చి, వంతు రాసిచ్చేశాడు. అతని తప్పేమీ లేదు. కుయోపియోలో అయితే ఆ మాటకు వంతు పదిలంగా ఉండేదేమో. "పాపం, ఇంకా తేల్చుకోలేదు" అనుకుని ఊరుకునేవారు. ఇక్కడ ఆ నాన్చుడు పదేళ్ళ వంతును తినేసింది.

"వెళ్ళి రౌతియోతో చెప్పు. పొరపాటైంది, వంతు కావాలని చెప్పు."

"సిల్వి బన్నులు కూడా చేసేసింది కదా" అన్నాడు ఇల్కా.

అది నిజం. తిరిగి అడగలేరు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి రాత్రి సంతోషంతో నిద్రపోలేదని కళ్ళు తుడుచుకుంది. డబ్బా ఇంట్లో ఉంది, ఆర్ని అప్పటికే ఒక బన్ను కొరికాడు. మరీక తువ్వాలుతో మొహం గట్టిగా రుద్దుకుంది. ఏడుపు కాదు, చెమటే.

"పోనీలే" అన్నాడు ఇల్కా మెల్లగా, ఓదార్చడానికే. "అక్కడ ఏ ఇంట్లో చూసినా సొంత సౌనా ఉంటుంది. ఏ రోజు కావాలంటే ఆ రోజు."

"అంటే వెళ్తున్నామన్నమాట."

"అలా అనలేదు."

"మరి ఎలా అన్నావు?"

"ఉంటుంది అన్నాను. ఉండటం ఉంటుంది కదా, మనం వెళ్ళినా వెళ్ళకపోయినా."

గోడైనా ఒక రోజు విసుగొచ్చి జవాబు చెబుతుంది. మరీక బల్ల దిగిపోయింది. చన్నీళ్ళు గుమ్మరించుకుని బయటి గదిలోకి వెళ్ళింది. పిల్లలిద్దరూ ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చుని ఉన్నారు. సాయిమి తమ్ముడి చెవిలో ఏదో చెబుతోంది, తల్లిని చూడగానే ఆపేసింది. మరీక అది గమనించింది గానీ పట్టించుకోలేదు. ఆమె మనసు అక్కడ లేదు. కొత్త సంగతి ఒకటి తలలో మెదిలి, అక్కడే గుచ్చుకుంది. రౌతియోతో అలా మాట్లాడిన మనిషి ఆ బడి హెడ్మిస్ట్రెస్‌తో ఎలా మాట్లాడి ఉంటాడు?

ఇంటికొచ్చి ఓవెన్లో సాసేజీలు పెట్టింది. శనివారం సౌనా తర్వాత వాళ్ళింట్లో వేరే వంట ఉండదు. సాసేజీ, ఆవపచ్చడి, రై రొట్టె. పిల్లలు తడి జుట్టుతోనే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇల్కా రొట్టె కోస్తున్నాడు. ఇక ఇది సౌనా కాదు, గొంతు పెంచొచ్చు. కానీ మరీక ఈసారి గొంతు పెంచలేదు.

ఆ హెడ్మిస్ట్రెస్, తీహోనెన్ అనే ఆవిడ మళ్ళీ ఫోను చేసిందా అని అడిగింది. చేసిందన్నాడు. ఎప్పుడంటే బుధవారం అన్నాడు. మూడు రోజులయింది. ఈ మూడు రోజులూ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు.

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. నువ్వే చెప్పొద్దన్నావు కదా."

"ఏమీ చెప్పలేదంటే ఫోనెత్తి ఊరుకున్నావా? ఆవిడ అడిగింది, నువ్వు ఏదో అన్నావు. అదేంటో చెప్పు."

ఇల్కా కత్తి కింద పెట్టాడు. చివరికి, "రాకుండా ఉండేంత పెద్ద కారణమేదీ ఇప్పటికైతే కనబడటం లేదు, అన్నాను" అన్నాడు.

అంటే మరీక పన్నెండేళ్ళ ట్రాము, డిపో మిత్రులు, పొద్దున మంచులో మొదటి బండి తీసుకుని వంతెన ఎక్కుతుంటే కింద వెలిగే సముద్రం, ఇవేవీ పెద్ద కారణాలు కావన్నమాట. ఆ మాటే అడిగింది. అదేం కాదన్నాడు అతను. అది మాట వరసకు అన్నదట. అక్కడ అందరూ అలాగే మాట్లాడుకుంటారట.

"మీ ఊళ్ళో ఆ మాటకు అర్థం వస్తాననా, రాననా?"

"అది వినేవాళ్ళని బట్టి ఉంటుంది."

"విన్నది ఆవిడ. ఆవిడదీ మీ ఊరే. ఆవిడకు ఏమని అర్థమవుతుంది?"

ఇల్కా చెవులు ఎర్రబడ్డాయి. అది సౌనా వేడి కాదని మరీకకు తెలుసు. అతని ఫోను బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని అందుకుని బుధవారం నాటి నంబరు వెతికి నొక్కింది. శనివారం సాయంత్రం ఎవరికీ ఫోను చేయకూడదని ఇల్కా అన్నాడు. ఈ వారం చేయకూడని పనులు ఇంకా చాలా జరిగాయని ఆమె అంది.

అవతల మైయా తీహోనెన్ తీసింది. ఆమె కూడా అప్పుడే సౌనాలోంచి వచ్చినట్టుంది, గొంతు మెత్తగా, తీరిగ్గా ఉంది. మరీక తానెవరో చెప్పుకుంది. వేళకాని వేళ ఫోను చేసినందుకు ఏమీ అనుకోవద్దంది. అనుకోవడానికేముంది, వేళ అన్నది మనం అనుకోవడాన్ని బట్టే కదా అంది మైయా. మరీకకు పళ్ళు కొరుక్కోవాలనిపించింది. దేశంలో ఒక సగం మొత్తం ఇలాగే మాట్లాడుతుందా?

"చూడండి, నేను సూటిగా అడుగుతాను" అంది. "మా ఆయన ఉద్యోగం ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?"

ఒప్పుకోలేదని తానైతే అనలేనంది మైయా. మీరు ఏమని రాసుకున్నారని మరీక అడిగింది. రాసుకోవడం అంటే, కారణం కనబడటం లేదన్న మనిషి కోసం కారణం వెతికిపెట్టడం మర్యాద కాదు కదా, అందుకని ఆ ఉద్యోగం అడిగిన మిగతా ఇద్దరికీ రావొద్దని చెప్పేశామంది. అదే మాట ఇంకెవరైనా అయితే ఒక్క ముక్కలో చెప్పేవారు. ఉద్యోగం ఇల్కాదైపోయింది. మరీకకు బుధవారమే ఇక్కడి జీవితం అయిపోయింది. అయిపోయిందన్న సంగతి చెప్పినవాడికీ తెలియదు.

ఆమె ఇల్కా వైపు చూసింది. అతను అంతా అర్థమైనవాడిలా మొహం పెట్టుకుని నిలబడ్డాడు. భయం కూడా ఉంది ఆ మొహంలో. ఆ క్షణంలో ఆమెకు అతని మీద కోపం కంటే జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఈ మనిషి కావాలని మోసం చేసి ఉంటే ఎంత బాగుండేది, నాలుగు మాటలు అని తేల్చుకునేది. ఇతను ఎవరి మనసూ నొప్పించకూడదనుకుంటాడు. అనుకుని అనుకుని అందరి మీదా ఇల్లు కూలుస్తాడు.

ఫోనులో మైయా ఇంకా మాట్లాడుతూనే ఉంది. మీరేమీ దిగులు పడకండి, పాప చాలా చురుకైనది, ఫిబ్రవరి సెలవుల్లో వచ్చినప్పుడు తరగతిలో అందరితో కలిసిపోయింది, ఆమెకు నాలుగో తరగతిలో చోటు ఉంచామంది.

మరీకకు మొదట అర్థం కాలేదు. ఫిబ్రవరిలో హెల్సింకి బడులకు సెలవు. కుయోపియోలో సెలవు మార్చిలో, అంటే అప్పుడు అక్కడి బడి నడుస్తోంది. ఆ వారం ఆమెకు డ్యూటీలున్నాయని ఇల్కా పిల్లలిద్దరినీ కుయోపియోలో తన అక్క ఇంటికి స్కీయింగుకు తీసుకెళ్ళాడు. బడికి తీసుకెళ్ళినట్టు అతను చెప్పలేదు. పిల్లలూ చెప్పలేదు. రెండు నెలలు ఈ చిన్న బల్ల చుట్టూ కూర్చుని రొట్టె తిన్నారు, ఒక్కరూ చెప్పలేదు.

"ఊరికే చూపిద్దామని" అన్నాడు ఇల్కా, ఆమె మొహం చూసి. "చూస్తే తప్పేముందని."

ఆమె అతనికి చెయ్యి అడ్డం పెట్టింది. మరి మా చిన్నవాడికో అని ఫోనులో అడిగింది. వాడికి ఆగస్టుకు ఆరేళ్ళు నిండుతాయి, బడికి ముందు తరగతిలో వేయాలి, దానికీ చోటు చూడాలి కదా అంది. వెళ్ళడం ఖాయమని ఒప్పుకున్నట్టు కాదు. తల్లి నోటికి అలవాటైన ప్రశ్న వచ్చేసింది, అంతే.

ఈసారి మైయా తడబడింది. నాన్చలేదు, నిజంగానే తడబడింది.

"బాబుకి చోటు అక్కర్లేదన్నారు కదండీ" అంది.

"ఎవరన్నారు?"

"పాపే చెప్పింది. ఆయన చెక్కపని గది చూస్తున్నప్పుడు నాతో చెప్పింది. తమ్ముడు రాడు, హెల్సింకిలో అమ్మ దగ్గరే ఉంటాడు అని. ఇంట్లో అలా అనుకున్నారేమో, అడగడం బాగుండదని నేను ఊరుకున్నాను."

మరీక ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూతురి వైపు తిరిగింది. సాయిమి సాసేజీని చిన్న చిన్న ముక్కలు చేసి తమ్ముడి పళ్ళెంలో పెడుతోంది. తల ఎత్తలేదు. ఓవెన్ ఆపలేదని ఎవరికీ గుర్తులేదు, రెండో పళ్ళెంలోవి మాడుతున్నాయి.

"సాయిమీ. ఆవిడకి ఏం చెప్పావు?"

సాయిమి ఫోర్కు పక్కన పెట్టింది. తప్పు చేసి దొరికిపోయినదానిలా లేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని సిద్ధంగా ఉన్నదానిలా ఉంది.

"నువ్వు ట్రాము వదిలి రావు" అంది. "నాన్న ఉద్యోగం వదులుకోడు. మీరు రోజూ రాత్రి అదే మాట్లాడుకుంటారు. గోడ పల్చగా ఉంటుంది కదమ్మా. అందుకని మేమిద్దరం పంచుకున్నాం."

"ఏం పంచుకున్నారు?"

"మిమ్మల్ని. మా తరగతిలో సగం మంది అలాగే అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉంటారు, ఏం కాదు. నేను నాన్నతో వెళ్తాను. ఒక్కడే ఉంటే ఎవరికీ ఏదీ సరిగ్గా చెప్పుకోలేడు, అక్కడ ఎవరైనా ఉండాలి. ఆర్ని చిన్నవాడు, వాడికి నువ్వు కావాలి. వాటాల్లో పై మంచం నాకొచ్చింది. పిల్లి వాడికి ఇచ్చేశాను."

ఇల్కా బల్ల అంచు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. అటూ ఇటూ కాని మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నట్టున్నాడు. అతనికి ఈ సంగతి తెలియదని మరీకకు ఆ మొహం చూస్తేనే తెలిసింది. ఫోనులో మైయా వింటున్నారా అని రెండుసార్లు అడిగింది. మరీకకు వినబడుతూనే ఉంది. ఊరు మారాలా, ఉద్యోగం మారాలా, ఎన్ని గదుల ఇల్లు అని వాళ్ళిద్దరూ గుసగుసగా కొట్టుకున్న రాత్రులన్నింటిలో గోడకు అవతల ఇద్దరు పిల్లలు మెలకువగా పడుకుని అమ్మ నీకు, నాన్న నాకు అని వాటాలు వేసుకున్నారు. ఏడవకుండా వేసుకున్నారు.

ఆర్ని నోట్లో ముక్క నమిలి మింగాడు. ముందు తల్లిని, తర్వాత తండ్రిని చూశాడు. వాడికి కావలసింది ఒక్కటే, రెండు నెలలుగా దాచుకున్న ప్రశ్న.

"అక్క ఏ రోజు వెళ్తుంది?" అన్నాడు. "నాకెవరూ చెప్పడం లేదు."